అదే మొహం, అదే నవ్వు, మనిషి మాత్రం వేరు

పోయిన నెల ఏదో జవాబు మధ్యలో టెడ్ డాన్సన్ అనే అమెరికన్ టీవీ నటుడి పేరు ఎత్తి, రెండు ముక్కలు చెప్పి వదిలేశాను. ఇక చూడండి, హనుమకొండ నుంచి సిరిసిల్ల దాకా ఆయన మీదే ప్రశ్నలు. మిగతావన్నీ వచ్చే నెలకు నెట్టేసి ఈసారి పేజీ మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నా. హీరోయిన్ల పెళ్ళి ముచ్చట్ల కోసం పేజీ తిప్పినవాళ్ళు ఈ ఒక్కసారికి సర్దుకోవాలి.

ప్ర: నెట్‌ఫ్లిక్స్‌లో 'ఎ మ్యాన్ ఆన్ ది ఇన్‌సైడ్' మా బాపుతో కలిసి చూశాను సార్. తెల్లజుట్టు పొడుగు మనిషి, సూటు వేసుకొని వృద్ధాశ్రమంలో గూఢచారి పని చేస్తుంటే బాపు పడీ పడీ నవ్విండు. ఎవరాయన? ఇంత వయసులో కొత్తగా వచ్చాడా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జ: కొత్తగానా తమ్ముడూ! నువ్వు పుట్టకముందే ఆయన అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మొహం. 1947 డిసెంబర్ 29న కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టాడు, పెరిగింది అరిజోనా రాష్ట్రంలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో. తండ్రి పురావస్తు శాస్త్రవేత్త, అక్కడి మ్యూజియానికి డైరెక్టర్. (ఖిలా వరంగల్‌లో రాళ్ళు కొలిచే సార్ల పిల్లలెవరైనా టీవీలో కామెడీ చేస్తే చూడాలని నాకూ ఉంది.) స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఒక అమ్మాయి వెంట నాటకం ఆడిషన్‌కు వెళ్ళాడట, వెళ్ళినవాడు నాటకంలోనే ఉండిపోయాడు. అమ్మాయి సంగతి మనకెందుకు. తర్వాత పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌లో నటన చదివి 1972లో పట్టా పుచ్చుకున్నాడు.

ఆ తర్వాత పదేళ్ళు మామూలు తిప్పలే. పగటిపూట వచ్చే ఏడుపు సీరియళ్ళు, ఆరమిస్ అనే సెంటు ప్రకటన, 1979లో 'ది ఆనియన్ ఫీల్డ్' అనే సినిమాలో దుండగుల చేతిలో చచ్చిపోయే పోలీసు వేషం. 1982లో 'చీర్స్' అనే కామెడీ సీరియల్ మొదలయ్యేటప్పటికి ఆయనకు 34 ఏళ్ళు. మీరు చూసిన సీరియల్ 2024 నవంబర్‌లో వచ్చింది, అప్పటికి 76 దాటాయి. భార్య పోయి ఒంటరిగా మిగిలిన రిటైర్డ్ ప్రొఫెసర్, పేపర్లో ప్రకటన చూసి డిటెక్టివ్ దగ్గర పనికి కుదిరి, శాన్ ఫ్రాన్సిస్కోలోని వృద్ధాశ్రమంలోకి దూరతాడు. ఆ కథకు మూలం చిలీ దేశంలో నిజంగా జరిగిన వ్యవహారం మీద 2020లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ. మీ బాపు నవ్విన చోటల్లా వెంటనే కాసేపు గమ్మున కూడా అయి ఉంటాడే, గమనించావా? డాన్సన్ పని అదే.

ప్ర: మీరు పొగిడారని 'చీర్స్' రెండు ఎపిసోడ్లు చూశా. బార్‌లో కూర్చుని ముచ్చట్లు పెట్టుకోవడం తప్ప ఏమీ లేదు. మన బ్రహ్మానందం గారు ఒక్క చూపు చూస్తే థియేటర్ లేచిపోతుంది, ఈయన ఏం చేశాడని? (డిగ్రీ విద్యార్థి, జనగామ)

జ: రెండు ఎపిసోడ్లకే తీర్పు ఇచ్చేశావు, పర్వాలేదు, అప్పట్లో అమెరికా వాళ్ళూ అంతే చేశారు. 1982 సెప్టెంబర్ 30న మొదటి ఎపిసోడ్ వచ్చినప్పుడు రేటింగుల్లో దాదాపు అట్టడుగున ఉంది. ఛానెల్ వాళ్ళు ఓపిక పట్టారు కాబట్టి బతికింది. బతికి 11 సీజన్లు, 270కి పైగా ఎపిసోడ్లు నడిచింది, 1993 మే 20న ఆఖరి ఎపిసోడ్ వచ్చినరోజు ఆ దేశంలో కోట్లమంది టీవీల ముందే కూర్చున్నారు.

ఆయన వేసిన శామ్ మలోన్ వేషం ఏంటో ఒకసారి చూడు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టులో ఒకప్పటి బౌలింగ్ వీరుడు, అంటే బేస్‌బాల్‌లో పిచ్చర్. తాగుడుకు బానిసై ఆట పోగొట్టుకున్నాడు, తర్వాత మందు మానేశాడు, మానేసి బార్ నడుపుతున్నాడు! ఆ ఒక్క ఏర్పాటులోనే సగం నాటకం ఉంది. రాసుకున్నప్పుడు శామ్ ఫుట్‌బాల్ ఆటగాడు, నిజంగానే ఫుట్‌బాల్ ఆడిన ఫ్రెడ్ డ్రయర్ లాంటివాళ్ళను కూడా చూశారు, కానీ వేషం డాన్సన్‌కు దక్కేసరికి ఈయన ఒంటికి ఫుట్‌బాల్ నప్పదని బేస్‌బాల్‌కు మార్చేశారు. ఇంకో ముచ్చట. దానికి కొద్దిగా ముందు 'టాక్సీ' అనే సీరియల్‌లో వయ్యారాలు పోయే హెయిర్ డ్రెస్సర్‌గా ఒక ఎపిసోడ్ చేశాడు, 'చీర్స్' తీసిన జేమ్స్ బరోస్, చార్ల్స్ అన్నదమ్ములు ఆ 'టాక్సీ' బృందం నుంచి వచ్చినవాళ్ళే. వేషం ఖాయం అయ్యాక బార్‌టెండర్లకు నేర్పే బడికి కూడా వెళ్ళాడు.

మొదటి సీజన్‌లోనే ఒక ఎపిసోడ్ ఉంటుంది, నువ్వు అక్కడిదాకా రాలేదు. శామ్ దగ్గర అదృష్టం కోసం పెట్టుకున్న ఒక సీసా మూత ఉంటుంది. ఆట కలిసిరాని ఇంకో ఆటగాడికి దాన్ని అరువిస్తాడు. ఇచ్చాక శామ్‌కే అన్నీ బెడిసికొట్టడం మొదలవుతుంది, అంతా నవ్వులాటగానే నడుస్తుంటుంది. ఆఖర్లో బార్ ఖాళీ అయ్యాక, అక్కడే వెయిట్రెస్‌గా పనిచేసే డయాన్‌తో చెబుతాడు, అది తాను తాగిన చివరి బీరు సీసా మూత అని. చెప్పి, ఒక బీరు తెరిచి గ్లాసులో పోసి దానివంక చూస్తూ నిలబడతాడు. మన దగ్గర అయితే ఇక్కడ వయొలిన్లు మోగుతాయి, కళ్ళు ఎర్రబడతాయి. ఆయన ఏమీ చేయడు. చూస్తాడు, అంతే. తర్వాత ఆ గ్లాసును బార్ కౌంటర్ మీద జారవిడుస్తాడు, అది వంపు తిరిగి అవతలికి వెళ్ళిపోతుంది. ఆ కొత్త సీసా మూత జేబులో వేసుకుంటాడు. కామెడీ సీరియల్‌లో, జనం ముందు, ఒక్క జోకు లేకుండా అంతసేపు నిలబడటం ఎంత కష్టమో వేదిక ఎక్కినవాళ్ళను అడుగు.

బ్రహ్మానందం గారి చూపు సంగతి వేరు, దానికి నేనూ బానిసనే. పోటీ పెట్టకు.

ప్ర: పాత ఇంగ్లిష్ సీరియళ్ళలో ప్రతి మాటకూ వెనకాల నవ్వులు వినిపిస్తాయి. చిరాకేస్తుంది. టేపు పెడతారా? (గృహిణి, పరకాల)

జ: చాలావాటిలో టేపే అమ్మా. 'చీర్స్'లో మాత్రం స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి, నాటకం ఆడినట్టు ఆడి, ఒకేసారి పలు కెమెరాలతో తీసేవారు. మీలాగే అక్కడా చాలామంది టేపు అనుకొని గొణిగారు కాబట్టే, ఇది జనం ముందు తీసింది అని ఎపిసోడ్ మొదట్లో ఒక గొంతుతో చెప్పించారు. బోస్టన్ బార్ కథ అన్నమాటే గానీ లోపలి సీన్లు తీసింది లాస్ ఏంజెలెస్‌లోని పారమౌంట్ స్టూడియోలో.

ఈ నవ్వుల వల్ల నటుడికి ఒక ప్రత్యేకమైన పని పడుతుంది. జనం నవ్వుతున్నంతసేపు ఆగాలి, ఆగినట్టు కనిపించకూడదు, నవ్వు పూర్తిగా చల్లారకముందే తర్వాతి మాట అందుకోవాలి. పరిషత్తు నాటకాలు ఆడినవాళ్ళకు ఇది బాగా తెలుసు. డాన్సన్ ఆ ఆగే టైమ్‌లో గ్లాసు తుడుస్తుంటాడు, నిమ్మకాయ కోస్తుంటాడు. చేతులకు పని ఉంటే మొహం ఖాళీగా కనిపించదు. తర్వాత వచ్చిన 'ది గుడ్ ప్లేస్' లాంటివి జనం లేకుండా సినిమాలా తీసినవి, అక్కడ ఆగడాలు ఉండవు, తోసుకుంటూ పోవడమే. ఈ రెండు రకాలూ చేసి రెండింట్లోనూ నెగ్గినవాళ్ళు చాలా తక్కువ.

ప్ర: ఆయనది విగ్గా? (మహబూబాబాద్)

జ: 'చీర్స్' రోజుల్లో నడినెత్తి మీద చిన్న అతుకు ఉండేది, అవును. చివరి సీజన్‌లో శామ్ పాత్ర చేతే విగ్గు తీయించి బట్టతల చూపించారు. ఊరంతా అందగాడు అనుకునే పాత్ర చేత! ఇప్పుడైతే తెల్లజుట్టు, దాపరికం లేదు.

ప్ర: ఒకే వేషం 11 ఏళ్ళు వేస్తే జనం ఇంక వేరే పాత్రలో ఒప్పుకోరు కదా. మన సీరియల్ హీరోలు అట్లనే మాయమైపోయారు. ఈయన ఎలా బయటపడ్డాడు? (రంగస్థల కళాకారుడు, కరీంనగర్)

జ: ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ ఇచ్చాను అనుకోండి. నిజం చెప్పాలంటే ఆయన సాఫీగా బయటపడలేదు. ఆ సీరియల్ ఆగిందే ఆయన ఇక చాలన్నాడని. తర్వాత 1996లో భార్య మేరీ స్టీన్‌బర్గెన్‌తో కలిసి 'ఇంక్' అనే పత్రికాఫీసు కథ చేశాడు. తీసిన ఎపిసోడ్లు బాగోలేదని పక్కన పడేసి, నిర్మాతలను మార్చి మళ్ళీ తీశారు, అయినా ఒక్క సీజన్‌తో సరి. 2006లో 'హెల్ప్ మీ హెల్ప్ యూ' అని మానసిక వైద్యుడి కథ, సీజన్ పూర్తి కాకుండానే ఎత్తేశారు. మధ్యలో 1998 నుంచి 2004 దాకా 'బెకర్' నడిచింది, 129 ఎపిసోడ్లు, లోకం మీద కస్సుబుస్సులాడే డాక్టర్. శామ్ అందరికీ నచ్చాలని చూసే మనిషి అయితే, బెకర్‌కు ఎవరికి నచ్చినా నచ్చకపోయినా లెక్కలేదు.

కానీ ఆయన మొదటి నుంచీ ఒక పని చేస్తూ వచ్చాడు. 'చీర్స్' రెండో ఏడు నడుస్తుండగా, 1984లో, 'సమ్‌థింగ్ అబౌట్ అమీలియా' అనే టీవీ సినిమాలో సొంత కూతురి మీద అఘాయిత్యం చేసిన తండ్రిగా నటించాడు. వారం వారం ఇంటిల్లిపాదినీ నవ్విస్తున్న మొహంతో! దానికి గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది. మన దగ్గర అలాంటి వేషం వస్తే మేనేజర్లే వద్దంటారు, ఇమేజ్ పోతుందని.

అసలు మలుపు నా లెక్కలో 2007. ఆ ఏడాది వచ్చిన 'డ్యామేజెస్' సీరియల్‌లో ఉద్యోగులను నిలువునా ముంచిన కోటీశ్వరుడు ఆర్థర్ ఫ్రోబిషర్. పేరు మొదట పడదు, కథ ఆయనది కాదు, గ్లెన్ క్లోజ్‌ది. ఒకప్పటి నంబర్ వన్ హీరో పక్క వేషానికి ఒప్పుకొని, ఆ పాత అందాన్నే, ఆ పాత నవ్వునే దుర్మార్గుడికి తొడిగాడు. ఆ మనిషి చేసేవన్నీ తెలిసి కూడా మనకు వాడు నచ్చుతుంటాడు, నచ్చినందుకు మన మీద మనకే కోపం వస్తుంది. ఆ తర్వాత వరస చూడండి, 'బోర్డ్ టు డెత్'లో గంజాయి కొట్టే పత్రికా సంపాదకుడు, 2011లో 'సీఎస్ఐ'లో లాస్ వేగస్ క్రైమ్ ల్యాబ్ అధికారి (అందులో నాకు పెద్దగా రుచించలేదు, ఎవరు చేసినా ఒకటే అన్నట్టుంటుంది), 2015లో 'ఫార్గో' రెండో సీజన్‌లో మిన్నెసోటా షెరీఫ్ హ్యాంక్ లార్సన్. ఈ హ్యాంక్ ఇంట్లో ఒక గది నిండా బొమ్మల గుర్తులు గీసి పెట్టుకుంటాడు. మనుషుల మధ్య కొట్లాటలన్నీ మాట సరిగ్గా అందకపోవడం వల్లే కదా, అందరికీ అర్థమయ్యే గుర్తులు ఉంటే బాగుండు అని చివర్లో కూతురికి చెబుతాడు. కాస్త సిగ్గుపడుతూ, ఇదేదో ముసలివాడి పిచ్చి అనుకుంటావేమో అన్నట్టు చెబుతాడు. జోకు లేదు, కానీ కామెడీ తెలిసినవాడే ఆ సిగ్గును అంత కొలతగా పెట్టగలడు.

కాబట్టి కళాకారుడు గారూ, ఆయన శామ్‌ను వదిలించుకోలేదు, వెంటబెట్టుకొని తిరిగాడు. మీ ఊళ్ళో అందరూ మిమ్మల్ని ఏ వేషంతో గుర్తుపడతారో ఆ వేషాన్నే ఇంకోచోట తప్పుడు పనికి వాడి చూడండి.

ప్ర: వరంగల్ గడ్డ మీద నేరెళ్ళ వేణుమాధవ్ గారిని చూసినవాళ్ళం. క్షణానికో గొంతు మార్చేవారు. బహుముఖ ప్రజ్ఞ అంటే అది. ఒకే గొంతుతో మాట్లాడే డాన్సన్‌కు ఆ బిరుదు ఎలా ఇస్తారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్)

జ: మాస్టారూ, మీరు గట్టివాళ్ళతోనే కొట్టారు. వేణుమాధవ్ గారు తాను మాయమై అవతలి మనిషిని తెచ్చి నిలబెట్టేవారు. డాన్సన్‌కు ఆ విద్య లేదు, అసలు యాస మార్చడానికి కూడా పెద్దగా ప్రయత్నించడు. 1996లో గలివర్‌గా నటించినప్పుడు కూడా గొంతు తన అమెరికా గొంతే. ఈయన తాను ఎక్కడికీ పోకుండా, అదే గొంతులో మంచివాణ్ణి, దొంగను, దెయ్యాన్ని, తాతయ్యను కూర్చోబెడతాడు. రెండూ వేరు విద్యలు, రెండూ కష్టమే. అన్నట్టు వేణుమాధవ్ గారు పుట్టింది 1932 డిసెంబర్ 28, ఈయన డిసెంబర్ 29. పదిహేనేళ్ళ తేడా ఉందనుకోండి, అయినా ఆ వారంలో ఏదో ఉంది.

ప్ర: 'ది గుడ్ ప్లేస్' మస్తు ఉంది అంటున్నారు మా సోపతులు. ఆయన అందులో ఏం చేశాడో చెప్పండి, కథ మాత్రం చెప్పొద్దు. (ఇంజినీరింగ్ విద్యార్థిని, కాజీపేట)

జ: కథ చెప్పకుండా చెప్పాలా, సరే. 2016లో మొదలై 2020లో ముగిసింది, నాలుగు సీజన్లు. చచ్చిపోయాక మంచివాళ్ళు వెళ్ళే చోటును కట్టి నడిపే మైఖేల్ అనే అధికారి ఈయన. బో టై, కళ్ళద్దాలు, మనుషుల వస్తువులంటే చిన్నపిల్లాడి మోజు. మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో ఒక నిజం బయటపడుతుంది. ఆ రహస్యం నటుల్లో డాన్సన్‌కు, క్రిస్టెన్ బెల్‌కు మాత్రమే ముందే చెప్పారు, మిగతావాళ్ళు షూటింగ్ చివర్లో విని నోళ్ళు వెళ్ళబెట్టారు. నిజం బయటపడ్డ క్షణంలో ఆయన ఒక నవ్వు నవ్వుతాడు చూడమ్మా. అప్పటిదాకా కంగారుపడే మంచి మామయ్య మొహం, అదే పెదాలు, అవే పళ్ళు, ముందు గొంతులో చిన్నగా గురగురమని మొదలై, తర్వాత మొహమంతా పాకుతుంది, ఒళ్ళు జలదరిస్తుంది. మేకప్ లేదు, లైటు మారలేదు. పూర్తయ్యాక మొదటి ఎపిసోడ్ నుంచి మళ్ళీ చూడు, ఆయన ప్రతి కంగారులోనూ రెండో అర్థం కనిపిస్తుంది. అంటే ఆ సీజన్ అంతా రెండు వేషాలు ఒకేసారి వేశాడు. ఆ పాత్రకు మూడుసార్లు ఎమ్మీకి, అంటే అక్కడి పెద్ద టీవీ అవార్డుకు, పేరు వెళ్ళింది, ఒక్కసారీ రాలేదు. వచ్చిన రెండు ఎమ్మీలూ 'చీర్స్'కే, 1990లో ఒకటి, 1993లో ఒకటి. ఆ సీరియల్‌కు 11 ఏళ్ళూ నామినేషన్ ఉంది.

ప్ర: అంతా మంచే రాస్తున్నారు. మచ్చే లేదా? (పెద్దపల్లి)

జ: ఉంది. 1993 అక్టోబర్‌లో న్యూయార్క్ ఫ్రయర్స్ క్లబ్‌లో నల్లజాతి నటి హూపీ గోల్డ్‌బర్గ్‌ను ఆటపట్టించే సభకు మొహానికి నల్లరంగు పూసుకొని వచ్చి మాటలు మీరాడు. ఆమె వెనకేసుకొచ్చినా జనం క్షమించలేదు, పెద్ద లొల్లి అయ్యింది, అవ్వాల్సిందే. నవ్వించేవాడికి ఎవరి మీద నవ్వుతున్నామో తెలియకపోతే ఇంతే.

తన మీద తాను జోకు వేసుకోవడం మాత్రం బాగా వచ్చు. 'కర్బ్ యువర్ ఎంతూజియాజమ్'లో టెడ్ డాన్సన్‌గానే వస్తాడు, కొంచెం గొప్పలకు పోయే డాన్సన్‌గా. 2007లో వచ్చిన ఎపిసోడ్‌లో ఆ సీరియల్ హీరో లారీ డేవిడ్ ఒక భవనానికి విరాళమిచ్చి గోడ మీద తన పేరు రాయించుకుంటాడు. పక్క గోడ మీద 'పేరు చెప్పని దాత' అని ఉంటుంది. ఆ దాత డాన్సన్ అని ఊరందరికీ తెలుసు, ఎంత నిరాడంబరుడో అని అందరూ ఆయన్నే పొగుడుతుంటారు! గుళ్ళో ఫ్యాను మూడు రెక్కల మీదా దాత పేరు, తండ్రి పేరు, ఇంటి పేరు రాయించే మనవాళ్ళకు ఆ ఎపిసోడ్ సబ్‌టైటిల్స్ లేకున్నా అర్థమవుతుంది.

ప్ర: అన్నా, మేం నలుగురం కలిసి రీల్స్ కోసం స్కిట్లు చేస్తాం. పంచ్ నాకు రాకపోతే టెన్షన్ అవుతుంది. ఆయన దగ్గర ఏమైనా నేర్చుకోవచ్చా? (నర్సంపేట)

జ: 'చీర్స్'లో ఒక ఎపిసోడ్ పెట్టి, గట్టి నవ్వు ఎవరి మాటకు వస్తోందో చూడు. ఎక్కువగా బార్‌లోని మిగతా పాత్రలకు, నార్మ్‌కు, క్లిఫ్‌కు, కార్లాకు, కోచ్‌కు. హీరోకు కాదు. ఆయన మధ్యలో నిలబడి ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ వైపు తిరిగి వింటాడు, నిజంగా వింటాడు, తన వంతు కోసం కాచుకొని ఉన్నట్టు కాదు. పంచ్ పడ్డాక ఆయన మొహం చూస్తే ఇంకో నవ్వు పుడుతుంది, అది రాసిన డైలాగుకు వచ్చేది కాదు. 1985లో కోచ్ వేసిన నికొలస్ కొలసాంటో చనిపోయాడు, రెండేళ్ళకు డయాన్ వేసిన షెల్లీ లాంగ్ వెళ్ళిపోయింది, ఆమెతో కీచులాటే ఆ సీరియల్‌కు ప్రాణం అనుకునేవారు. అయినా నిలబడింది, ఎందుకంటే కొత్తగా వచ్చిన వుడీ హారెల్సన్, కిర్‌స్టీ ఆలీలకు ఈయన జాగా ఇచ్చాడు. రేపు షూటింగ్‌లో మంచి లైను పక్క పోరడికి ఇచ్చేసి, నువ్వు విని మొహం పెట్టు. వ్యూస్ ఎన్ని వస్తాయో నాకు తెలీదు గానీ స్కిట్ బాగుంటుంది.

ప్ర: ఎక్కడ మొదలుపెట్టాలి సార్? ఇంట్లో చిన్నపిల్లలు, అత్తమ్మ, అందరూ హాల్లోనే ఉంటారు. (ఉద్యోగిని, జగిత్యాల)

జ: అందరూ ఉంటే 'ఎ మ్యాన్ ఆన్ ది ఇన్‌సైడ్', ఎపిసోడ్లు చిన్నవి, 2025 నవంబర్‌లో రెండో సీజన్ కూడా వచ్చింది. మతిమరుపు వచ్చిన పాత్రల దగ్గర అత్తమ్మకు మనసు చివుక్కుమంటుందేమో, పక్కనే కూర్చోండి. తర్వాత 'ది గుడ్ ప్లేస్', దాని గురించి ఎక్కడా చదవకుండా, వరసగా. 'చీర్స్' అయితే మొదటి సీజన్ నుంచే, సాయంత్రానికి ఒక్కటి చొప్పున, జనగామ తమ్ముడిలా రెండింటికే ఆపకండి. 'సమ్‌థింగ్ అబౌట్ అమీలియా' పిల్లల ముందు అసలు వద్దు. 'ఫార్గో' కూడా వాళ్ళు నిద్రపోయాకే, రక్తం బాగా ఎక్కువ.